నాయన వద్దన్న తర్వాత

"ఆటలేంటికి ఇప్పుడు? ముందు పది గట్టెక్కు, తర్వాత చూద్దాం."

చంద్రగిరి, పాకాల, పుంగనూరు, ఏ ఊరైనా సరే, కొత్త ఆట నేర్చుకుంటానని ఇంట్లో నోరు తెరిచిన పిల్లలకు మొదట వచ్చే జవాబు ఇది. పది అయ్యాక ఇంటర్ అడ్డొస్తుంది. ఇంటర్ అయ్యాక ఈఏపీసెట్టో నీటో అడ్డొస్తుంది. చూద్దామన్న రోజు ఎప్పటికీ రాదేమోనని నీకు కోపం వస్తుంది. ఆ కోపంలో పిల్లలు చేసేవి రెండే పనులు. ఒకటి గట్టిగా వాదించడం, రెండోది ఇంట్లో చెప్పకుండా గ్రౌండుకు పోవడం. మొదటిదానితో నాయన పంతానికి పోతాడు. రెండోదానితో నమ్మకం పోతుంది.

మీ నాయనకు హాకీ మీదో, బాక్సింగ్ మీదో పగేమీ లేదు. ఐపీఎల్ మొదలైతే ఆయనే అందరికన్నా ముందు టీవీ ముందు కూర్చుంటాడు. నువ్వు ఆట అన్నప్పుడు ఆయన కళ్ల ముందు తిరిగే బొమ్మలు వేరు: తగ్గిన మార్కులు, విరిగిన చెయ్యి, చీకటి పడ్డాక బస్టాండులో ఒంటరిగా నిలబడ్డ కూతురు, షూల బిల్లు, నలుగురి మాటలు. వీటిలో ఏ బొమ్మ ఆయన్ని భయపెడుతోందో కనిపెట్టి, ఆ భయం తాలూకు పనిని నీ నెత్తిన వేసుకుంటే ఆయన మెత్తబడతాడు. ఈ అధ్యాయంలో నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

మన పక్క జిల్లా సంగతి చూడు. కడప జిల్లా ఎర్రమల్లెపల్లె అమ్మాయి నల్లపురెడ్డి శ్రీచరణి, 2025 నవంబర్ 2న నవీ ముంబైలో ప్రపంచ కప్ గెలిచిన భారత జట్టులో ఎడమచేతి స్పిన్నర్. ఆ టోర్నీలో 14 వికెట్లు తీసింది. అంతవరకు అందరికీ తెలుసు. అంతకుముందు ఇంట్లో జరిగింది తెలిసినవాళ్లు తక్కువ. బడి రోజుల్లో ఆమె అథ్లెటిక్స్, ఖోఖో, బ్యాడ్మింటన్ ఆడింది. క్రికెట్‌ను గట్టిగా పట్టుకున్నది పదహారేళ్ల వయసులో. అమ్మ వెంటనే సరేనంది. రాయలసీమ థర్మల్ పవర్ ప్రాజెక్టులో ఉద్యోగం చేసే నాయన ఒప్పుకోవడానికి దాదాపు ఏడాది పట్టింది.

ఆ ఏడాది గురించి కాస్త ఆలోచించు. ఒక ఆటలో కుదురుకున్న పిల్ల దాన్ని వదిలి ఇంకోటి పట్టుకుంటానంటే ఏ తండ్రికైనా సందేహం వస్తుంది. రేపు ఇది కూడా వదిలేస్తే? ఆ ప్రశ్నకు నోటితో జవాబు లేదు. రోజులు గడవాలి, రోజూ నువ్వు అదే పని చేస్తూ కనబడాలి. కాబట్టి నాయన వద్దన్న వారానికే ప్రపంచం మునిగిపోయినట్టు కూర్చోకు. వయసు మించిపోయిందన్న బెంగ కూడా పెట్టుకోకు. పదహారేళ్లకు మొదలుపెట్టిన ఆ అమ్మాయి ఇరవై ఒకటో ఏట ప్రపంచ కప్ ఆడింది. అందరూ ప్రపంచ కప్‌దాకా పోరు, పోనక్కర్లేదు కూడా. నలుగురితో కలిసి ఆడి, చెమట పట్టి, ఆకలేసి ఇంటికి రావడం చాలు, అదే పెద్ద లాభం.

ఇంట్లో ఉన్నది ఏ భయమో కనిపెట్టడం అంత కష్టం కాదు, వాళ్ల మాటల్లోనే బయటపడుతుంది. "ఎవురు తీసుకొస్తారు నిన్ను?" అంటే దారి గురించిన భయం. "ఎండలో నల్లబడిపోతావు" అంటే దాని వెనక పెళ్లి ఉంది. "ఎంతవుతుందంట?" అని అడిగితే సగం ఒప్పుకున్నట్టే, లెక్క కావాలంటున్నాడు. ఏమీ అనకుండా టవల్ భుజాన వేసుకుని బయటికి పోతే మాత్రం అమ్మను అడగాలి. చాలా ఇళ్లలో నాయన మనసులో మాట అమ్మకే తెలుస్తుంది. అవ్వను మర్చిపోవద్దు. మనవరాలి పక్షాన అవ్వ ఒక్కసారి నోరు విప్పితే, కొడుకు ఎదురు చెప్పడానికి రెండుసార్లు ఆలోచిస్తాడు.

అమ్మ వద్దంటే దానికి ఇంకో కారణం ఉండొచ్చు. ఇది ఎవరూ పైకి చెప్పరు, నువ్వే చూసి తెలుసుకోవాలి. పొద్దున ఆరుకు ప్రాక్టీసంటే ఐదుకు అలారం. ఆ అలారానికి లేచేది నువ్వు కాదు, అమ్మ. నీకంటే ముందు లేచి పొయ్యి వెలిగించాలి, బాక్సు గంట ముందే కట్టాలి, ఎర్రమట్టి పట్టిన బట్టలు రోజూ ఉతకాలి, ఆకలితో వచ్చేసరికి ఏదో ఒకటి తయారుగా ఉంచాలి. నీ ఆట ఆమెకు అదనపు చాకిరీ. అందుకే అడగడానికి మూడు వారాల ముందునుంచే నీ అంతట నువ్వు ఐదుకు లెయ్యి. ఎవరూ లేపకుండా. రాత్రే నీ బట్టలు నువ్వు తీసి పెట్టుకో, నీ బట్టలు నువ్వే ఉతుక్కో, రాత్రి మిగిలిన సంగటి మజ్జిగలో పిసుక్కుని తాగి బయలుదేరు. ఊరి చివరిదాకా పరుగెత్తి రా, లేదా వాకిట్లోనే కసరత్తు చెయ్యి. ఎందుకు చేస్తున్నావో చెప్పకు. మూడు వారాలకు అమ్మే అడుగుతుంది, "ఏం పాపా, ఏమైంది నీకు ఈ మధ్య?" అని. నీ కోరిక బయటపెట్టడానికి అంతకన్నా మంచి అదును దొరకదు.

అదును అనే మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, చిత్తూరు జిల్లాలో మామిడి కాలంలో మాత్రం ఏమీ అడగొద్దు. 2025 జూన్, జూలైల్లో ఏం జరిగిందో గుర్తుందా? తోతాపురి ధర పడిపోయింది. గుజ్జు ఫ్యాక్టరీల ముందు కాయల ట్రాక్టర్లు రోజుల తరబడి వరసలో నిలబడ్డాయి. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేట్టు నిర్ణయం జరిగాక కూడా రైతు దిగులు తీరలేదు. అలాంటి రాత్రి లోడు దించి వచ్చిన నాయన ముందు స్పోర్ట్స్ షూల మాట ఎత్తితే, ఆయన చిరాకు నీ ఆట మీద ముద్రలా పడిపోతుంది, ఆ తర్వాత ఎంత మంచి మాట చెప్పినా చెవికెక్కదు. చెరుకు బిల్లు రావాల్సిన వారం, పాల డబ్బు ఆలస్యమైన పక్షం, చీటీ కట్టాల్సిన రోజు, ఇవన్నీ ఇంట్లో పిల్లలకు తెలుస్తూనే ఉంటాయి. తెలిసిన దాన్ని వాడుకో.

ఇప్పుడు అసలు సంభాషణకు వద్దాం. చంద్రగిరి దగ్గర పల్లెలో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి అనుకుందాం. ఇంట్లో నాలుగు పాడి ఆవులు. సాయంత్రం పాలు పోసి వచ్చి, కాళ్లు కడుక్కుని నాయన అరుగు మీద కూర్చున్నాడు.

"నాయనా, ఒక మాట చెప్పాల. ఇప్పుడు చెప్పనా, అన్నం తిన్నాక చెప్పనా?"

"చెప్పు."

"మా బడిలో హాకీ నేర్పిస్తా ఉండారు. పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకా. పోవాలని ఉంది."

"ఆడపిల్లకు హాకీ ఏంటికి పాపా? సదువుకునేదానివి. పొద్దున పేడెత్తేది ఎవురు?"

"పేడెత్తి నీళ్లు పెట్టినాకే పోతా. ఇరవై దినాలుగా ఐదుకే లేస్తా ఉండా గదా. సదువు పోతుందేమోనని నాకూ బయంగానే ఉంది. అందుకే మూడు నెలలే అడుగుతా ఉండా. లెక్కల్లో పోయినసారి అరవై రెండు వచ్చినాయి. ఈసారి తగ్గితే ఆపేస్తా. మార్కుల కాగితం నేనే తెచ్చి నీ చేతికిస్తా."

"దెబ్బ తగిలితే?"

"తగలొచ్చు. కాళ్లకు గార్డులు కట్టుకునే ఆడిస్తారంట. రేపు సాయంత్రం పీఈటీ సారు బడికాడ ఉంటారు. నువ్వొక్కసారి వచ్చి చూడు నాయనా. చూసినాక మాట్లాడుకుందాం."

"చూద్దాంలే."

ఇక్కడ ఆపాలి. ఇంకో మాట మాట్లాడకూడదు. "చూద్దాంలే కాదు, ఇప్పుడే చెప్పు" అని పట్టుబడితే ఆ క్షణంలో వచ్చేది వద్దనే మాటే. రాత్రి అమ్మతో మాట్లాడుకోవడానికి ఆయనకు వ్యవధి ఇవ్వాలి.

ఆ పాప ఏం చెప్పలేదో గమనించు. ఒలింపిక్స్ మాట ఎత్తలేదు. ఫలానావాళ్ల పిల్ల పోతోందని పోల్చలేదు. దెబ్బలు తగలవని అబద్ధమాడలేదు. చదువు భయం తనకూ ఉందని చెప్పడంతో ఆ భయం ఇద్దరిదీ అయింది. నాయనను ఒప్పుకోమని కూడా అడగలేదు, ఒక సాయంత్రం బడిదాకా రమ్మని మాత్రమే అడిగింది. పెద్ద కోరికకు కాదనడం తేలిక. బడిదాకా రావడానికి కాదనడం ఏ తండ్రికైనా కష్టం.

ఆ పాప మూడు నెలలే ఎందుకు అడిగిందంటే, ఒక ఆట ఒంటికి పడుతుందో లేదో తెలియడానికి అంత కాలం కావాలి, ఒక పరీక్షల విడత కూడా ఆ లోపల వచ్చి పోతుంది. పది పరీక్షలు మార్చిలో. కాబట్టి జనవరిలో కొత్త ఆట మొదలుపెడతానని అడిగితే నేనైనా వద్దంటాను. బడులు తెరిచాక, మీది మామిడి ఇల్లయితే ఆ హడావిడి తగ్గగానే, అడుగు. స్కూల్ గేమ్స్ ఎంపికలకూ అదే మంచి సమయం. అండర్-14, అండర్-17, అండర్-19 విభాగాల్లో మండలం నుంచి జిల్లాకు, అక్కడి నుంచి రాష్ట్రానికి పిల్లల్ని ఎంచుకుంటూ పోతారు. నువ్వు ఏ విభాగంలోకి వస్తావో పుట్టిన తేదీ చూసుకుని పీఈటీ సారునో మేడమునో అడిగి పెట్టుకో.

పీఈటీ గురించి ఇంకాస్త చెప్పాలి. మన జిల్లా పరిషత్ బడుల్లో ఆటలు బతికున్నాయంటే వాళ్ల వల్లే. నువ్వు గంట చెప్పినా దిగని మాట, వాళ్లు రెండు నిమిషాలు చెబితే నాయనకు దిగుతుంది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారుల కోటా 3 శాతానికి పెరిగిందనీ, 2025 మెగా డీఎస్సీలో 421 పోస్టులు ఆ కోటా కింద వచ్చాయనీ నువ్వు చెబితే గాలి మాటలా ఉంటుంది. సారు చెబితే సమాచారం. అయితే ఇదే నీ ప్రధాన వాదన కావద్దని నా గట్టి అభిప్రాయం. జిల్లా స్థాయిలో ఒకసారి ఆడినంత మాత్రాన ఉద్యోగం రాదు. పై స్థాయి పోటీల సర్టిఫికెట్లకే బరువు. ఉద్యోగం ఆశ చూపి అనుమతి తెచ్చుకుంటే, రెండేళ్లకు "ఏదీ ఉద్యోగం?" అని అడుగుతారు, ఆ అడగడంలో తప్పు కూడా లేదు.

డబ్బు మాట వస్తే ఎర్రావారిపాళెం మండలం ఎనుమలవారిపల్లె అమ్మాయిని తలుచుకో. హాకీ గోల్‌కీపర్ ఇ. రజని నాయన వడ్రంగి. ఆ అమ్మాయి 2017లో ఆసియా కప్ గెలిచిన భారత జట్టులో ఉంది, టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్లింది, 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టులో ఉంది. టోక్యో నుంచి వచ్చాక రాష్ట్ర ప్రభుత్వం 25 లక్షల రూపాయలు, తిరుపతిలో 1,000 గజాల స్థలం ప్రకటించింది. కానీ ఆ 25 లక్షలు కథ చివర వచ్చినవి. మొదట్లో ఏ ఇంటికైనా ప్రశ్న ఒకటే, ఈ నెల ఎంత? ఒక కాగితం తీసుకుని రాయి. షూలు ఎంత, బస్సు ఛార్జీ ఎంత, రోజుకో గుడ్డు, గుప్పెడు వేరుశనగ అదనంగా ఎంత. స్టిక్కులు, బంతులు, నెట్టు బడిలో ఉన్నవే వాడుకోవచ్చా, ఫీజు ఉందా లేదా, అడిగి తెలుసుకుని రాయి. దాని కింద నీ వాటా రాయి. పండక్కి చుట్టాలిచ్చిన డబ్బు, ఈ ఏడాది కొత్త సెల్‌ఫోన్ అడగనన్న మాట. ఖర్చు తక్కువ చేసి చూపించవద్దు. మొదటి నెలే లెక్క తప్పితే రెండో నెల నీ మాట చెల్లదు.

దెబ్బల భయానికి తొందరపడి "ఏం కాదులే" అనకు. నిజామాబాద్ నిఖత్ జరీన్ బాక్సింగ్ మొదలుపెట్టిన తొలి రోజుల్లో ఒక అబ్బాయితో తలపడి, ముక్కు నుంచి రక్తంతో, కమిలిన కంటితో ఇంటికి వచ్చింది. తల్లి ఏడ్చింది. మొహం మీద దెబ్బలుంటే రేపు పెళ్లి ఎవరు చేసుకుంటారని ఆమె దిగులు. తానూ ఆటగాడే అయిన తండ్రి కూతురి పక్కన నిలబడ్డాడు. 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ నిఖత్ ప్రపంచ చాంపియన్ అయింది. కానీ అంతకుముందు, 2017లో, భుజం గాయంతో నెలల తరబడి రింగుకు దూరంగా ఉండాల్సి వచ్చింది. తల్లి భయంలో నిజం ఉందన్నమాట. కాబట్టి కోచ్‌ను నువ్వే అడుగు: హెడ్‌గేర్ లేకుండా, పళ్లకు గార్డు లేకుండా తలపడనిస్తారా? దెబ్బ తగిలితే ఇంటికి ఫోన్ చేసేది ఎవరు, తీసుకుపోయేది ఏ ఆసుపత్రికి? ఆ జవాబులు ఇంట్లో చెప్పు. ఉబ్బసం, గుండె సమస్య, ఫిట్స్ లాంటివి ఉంటే ముందు డాక్టరుకు చూపించుకున్నాకే మిగతా మాట. తిరుపతి ఎండలు 40 డిగ్రీలు దాటే ఏప్రిల్, మే నెలల్లో పగటి ప్రాక్టీసు ఉండకూడదని నీ అంతట నువ్వే చెప్పు. జాగ్రత్త నీ నోటి నుంచి వస్తే వాళ్లకు సగం ధైర్యం.

ఆడపిల్లల దారి భయం దగ్గర నేను తల్లిదండ్రుల పక్షమే. చీకటి పడ్డాక ముగిసే ప్రాక్టీసుకు పదో తరగతి పిల్లను ఒంటరిగా పంపడానికి ఎవరు వెనకాడినా వాళ్లను వెనకబడినవాళ్లు అనకు. అదే ఊరి నుంచి ఇంకొక పిల్లను వెతుక్కో. ఇద్దరు కలిసి పోతుంటే రెండు ఇళ్లు ఒకేసారి ఒప్పుకుంటాయి. ఏ బస్సుకు పోయి ఏ బస్సుకు వస్తావో గోడ మీద రాసి పెట్టు. తిరుపతిలో శ్రీనివాస క్రీడా సముదాయమైనా, ఎస్వీ యూనివర్సిటీ మైదానమైనా, చిత్తూరులో మెసానికల్ గ్రౌండైనా, చేరకముందు అమ్మనో నాయననో ఒక పూట వెంటబెట్టుకుని పో. గేటు దగ్గర నుంచి కాదు, లోపలికి. మరుగుదొడ్డి ఎక్కడుంది, బట్టలు మార్చుకునే గది ఉందా, అమ్మాయిలు ఎంతమంది వస్తున్నారు, మహిళా కోచ్ ఉన్నారా అన్నవి అమ్మ కళ్లతో చూడనివ్వు.

చెప్పకుండా పోవద్దని మొదట్లో అన్నదానికి పెద్ద కారణం ఇక్కడుంది. గ్రౌండులో ఎవరైనా హద్దు మీరి ప్రవర్తిస్తే, ఇంట్లో తెలియకుండా వచ్చిన పిల్ల ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే ముందు తన అబద్ధం బయటపడుతుంది. అలాంటివాళ్లు వెతికేది అచ్చంగా అలా నోరు కట్టేసుకున్న పిల్లలనే. అనుమతి తీసుకుని పోయిన పిల్ల వెనక ఒక ఇల్లు ఉంటుంది. ఈ మాట నాయనకు కూడా చెప్పు, నీ మాటల్లో: "నీకు చెప్పి పోతే, ఏదైనా అయితే నీకే చెప్తా గదా." ఇంట్లోనూ చెప్పుకోలేని పరిస్థితి వస్తే 1098కి ఫోన్ చెయ్యి. అది పిల్లల కోసమే ఉన్న నంబరు, డబ్బు పడదు.

అన్నీ చేశాక కూడా వద్దనొచ్చు. అప్పుడు ఒకే ప్రశ్న అడుగు: "ఏం మారితే ఒప్పుకుంటావు నాయనా?" జవాబు వస్తే నీకు పని దొరికినట్టే. జవాబు రాకపోతే పరుగు ఆపకు, ఐదుకు లేవడం ఆపకు, బడిలో ఆటల పిరియడ్‌ను వదులుకోకు. ఊరి పిల్లలతో కబడ్డీ ఆడటానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఒంట్లో సత్తువ పెరిగితే రేపు ఏ ఆటకు పోయినా పనికొస్తుంది. అలకతో అన్నం మానేయడం మాత్రం చెయ్యకు. తిండి మానేసిన పిల్లను ఆటకు పంపడానికి ఏ తల్లికీ మనసొప్పదు.

సరేనన్నారా? మొదటి పదిహేను రోజులు ప్రాణం పెట్టి జాగ్రత్తగా ఉండాలి. చెప్పిన సమయానికి ఇంట్లో ఉండాలి. ఆలస్యమయ్యేట్టుంటే సారు ఫోన్ అడిగి తీసుకుని ముందే చెప్పాలి. చిన్న గాయాన్ని కూడా దాచకూడదు, నువ్వు దాచినది పక్కింటి వాళ్ల నోటి నుంచి తెలిస్తే గాయం పెద్దదవుతుంది. మూడు నెలలు నిండిన రోజు నాయన మర్చిపోయి ఉంటాడు. నువ్వు మర్చిపోకు. మార్కుల కాగితం, ఖర్చు లెక్క రాసిన కాగితం పట్టుకుని, పాలు పోసి వచ్చాక ఆయన పక్కన కూర్చో. లెక్కల్లో తగ్గి ఉంటే తగ్గాయని ముందు నువ్వే చెప్పు, ఎన్ని తగ్గాయో, ఏ అధ్యాయంలో పోయాయో చెప్పు, ఆ వారం నుంచే ఆట మానేసి పుస్తకం పట్టుకో. తగ్గకపోతే ఇంకో మూడు నెలలు అడుగు. ఈసారి జిల్లా ఎంపికలు ఎప్పుడో, ఏ ఊళ్లోనో, రాత్రి ఉండాల్సి వస్తే వెంట ఎవరొస్తున్నారో ముందే కనుక్కుని వెళ్లు. ఆయన మొదట అడిగేవి అవే.